పదకొండు ఫోన్లు

కెమెరా పెట్టించింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తే, తర్వాత ఎవరి మీదికో నెట్టే పని ఉండదు. మా ఆయన, పేరు హెబ్రోను, వద్దనలేదు, పెట్టమనీ అనలేదు. ఆయన దేనికీ అలా అనే మనిషి కాదు. కృష్ణపట్నం పోర్టుకి కంపెనీ బస్సు నడుపుతాడు. ఆ స్టీరింగు దగ్గర తప్ప ఇంకెక్కడా ఆయనంతట ఆయన కుడికో ఎడమకో తిరగడం పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో నేను చూడలేదు.

క్రిస్మస్‌కి ముందు మా అత్తకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ పోయాయి. నేను రొయ్యల కంపెనీలో తలలు తీసే పనికి పోతాను. పొద్దున ఏడున్నరకి వ్యాను ఎక్కితే మళ్ళీ ఇల్లు చేరేది సాయంత్రం ఐదింటికి. మధ్యాహ్నం పూట పక్కింటివాళ్ళు వచ్చి అత్తకి గంజి తాపి వెళ్ళేవాళ్ళు. ఒకరోజు వాళ్ళు ఊరికి పోయారు. ఆ సంగతి నాకు చెప్పే పోయారు, నేనే మర్చిపోయాను. ఇంటికొచ్చేసరికి అత్త మంచం కింద పడి ఉంది. ఎప్పుడు పడిందో చెప్పడానికి ఆమెకి నోరు లేదు. చెంప నేలకి ఆనించి నా పాదాల వైపు చూస్తోంది. ఆ చూపు గుర్తొచ్చి మూడు రోజులు నాకు ముద్ద దిగలేదు.

మా తమ్ముడు కిషోర్ బాబు నెల్లూరులో సెల్‌ఫోన్ల అంగట్లో పనిచేస్తాడు. జనవరి రెండో వారంలో అరచేతిలో పట్టేంత కెమెరా ఒకటి తెచ్చి, ముందు గదిలో బీరువా మీద పెట్టాడు. ముందు గది అంటే మాకు హాలూ అదే, అత్త గదీ అదే, నలుగురొస్తే కూర్చునేదీ అక్కడే. ఇంటికి ఉన్నవే రెండు గదులు.

"ఫోన్ నంబరు నీదే ఇస్తా ఉండానక్కా. పాస్‌వర్డు ఏదన్నా చెప్పు. నీకు గుర్తుండేది, ఇంకోళ్ళకి తెలీనిది," అన్నాడు.

"వాగ్దానం పెట్టరా," అన్నాను.

మా సంఘంలో కొత్త సంవత్సరం ఆరాధనకి పాస్టరు అయ్యగారు ఒక బుట్ట పట్టుకొస్తారు. అందులో చుట్టిన కాగితాలుంటాయి. ఇంటికొకటి తీయాలి. ఏ వచనం వస్తే అదే ఆ ఇంటికి ఆ ఏడాది వాగ్దానం. తీసినవాళ్ళు లేచి నిలబడి అందరికీ వినపడేలా చదవాలి. తర్వాత దాన్ని స్టిక్కర్ చేయించి వీధి తలుపు మీద అతికించుకుంటాం. ఆ వచనం నంబరే మాలో సగం మందికి ఫోను తాళం కూడా. మనసుకి ధైర్యంగా ఉంటుంది, మర్చిపోవడమూ ఉండదు.

"అది తలుపు మీద అతికించుకుని ఉండారు గదక్కా!" అని నవ్వాడు కిషోర్.

"దేవుని మాటరా. దొంగోళ్ళు దాన్ని ముట్టుకుంటారా?"

"దొంగోళ్ళకి భక్తి ఉండదని యెవురు చెప్పినారు నీకు? సరే, ఇప్పటికి పెడతా ఉండా. తర్వాత మార్చుకో."

మార్చుకోలేదు. మార్చుకోకపోగా ఆ తర్వాతి ఆదివారం గుడిలో సాక్ష్యం చెప్పడానికి, అంటే దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పడానికి, లేచాను. అత్త పడిపోయిన సంగతి, తమ్ముడు కెమెరా తెచ్చిన సంగతి, కంపెనీలో మధ్యాహ్నం అన్నం వేళ ఫోను తెరిచి అత్తని చూసుకుంటున్న సంగతి, అన్నీ చెప్పాను. మా కాలనీలో ఇంట్లో కెమెరా పెట్టుకున్నది మేమే మొదలు. ఆ గొప్ప ఎక్కడికి పోతుంది? "మా కెమెరా కూడా వాగ్దానంతోనే తెరుచుకుంటుంది" అని కూడా అనేశాను. అందరూ స్తోత్రం అన్నారు. పాస్టరమ్మ ప్రేమలీలమ్మ గారు కళ్ళు తుడుచుకున్నారు. కొరివితో తల గోక్కునేటప్పుడు కూడా మొదట హాయిగానే ఉంటుంది కాబోలు.

నిజానికి ఆ నెల రోజులూ హాయిగానే గడిచాయి. కంపెనీలో మధ్యాహ్నం గంట కొట్టగానే చేతి తొడుగులు తీసేసి షెడ్డు బయటికొచ్చి ఫోను తెరిచేదాన్ని. ఆడవాళ్ళందరూ నా భుజాల మీదుగా తొంగిచూసేవాళ్ళు. "మీ అత్త నీకన్నా సుఖంగా నిద్రపోతా ఉండాది మే" అని ఎగతాళి చేసేవాళ్ళు. అత్త మూలుగు కూడా వినపడేది. ఆ మూలుగు వినపడినప్పుడైనా, ఆ గదిలో ఎవరు ఏం మాట్లాడినా ఇలాగే వినపడుతుందన్న ఆలోచన నాకు రాలేదు. గోడలకి చెవులుంటాయని మా అమ్మ అంటుండేది. నేను చెవిని కొని తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాను.

ఫిబ్రవరిలో శ్రమ దినాలు మొదలయ్యాయి. ఈస్టర్ దాకా ఆ నలభై రోజులూ మాకు ఇళ్ళలో ప్రార్థనలు జరుగుతాయి. అత్త కదల్లేదు కాబట్టి ఆడవాళ్ళ శుక్రవారం ప్రార్థన ఈసారి మా ఇంట్లోనే పెట్టుకుందామన్నారు ప్రేమలీలమ్మ గారు. నేను పనినుంచి వచ్చి స్నానం చేసి చాప పరిచేసరికి పదిహేను మంది దాకా వచ్చేవాళ్ళు.

పాటలయ్యాక మనవులు చెప్పుకుంటాం. ఎవరి కష్టం వాళ్ళు కళ్ళు మూసుకుని, తలమీద కొంగు వేసుకుని, మెల్లగా చెప్పాలి. మిగతావాళ్ళు దానికోసం ప్రార్థన చేయాలి. ఒకామెకి గర్భసంచి తీసేయాలన్నారు, ఆ సంగతి మొగుడికి చెప్పలేదు. ఇంకొకామె కొడుకు గంజాయి అలవాటు చేసుకున్నాడు. మొగుడికి, తల్లికి, అక్కచెల్లెళ్ళకి చెప్పుకోలేనివి అక్కడ చెప్పుకునేవాళ్ళం. చాప మీద అన్నది చాప మీదే ఉండాలని కట్టుబాటు. మా అమ్మ కాలం నుంచి ఒక్క మాట బయటికి పొక్కింది లేదు. ఆ ఒక్కటే మాకున్న ఆస్తి అని ఇప్పుడు అనిపిస్తుంది.

కెజియా నాకు వరసకు తోడికోడలు. దాని మొగుడి పేరు సమాధానం, మా ఆయనకి చిన్నాన్న కొడుకు. పోర్టులో లారీలకి టార్పాలిన్లు కట్టే పని. గుడిలో డోలక్ వాయిస్తాడు. అతను లేకపోతే మా సంఘంలో పాట లేవదు. వాయిస్తూ వాయిస్తూ కళ్ళు మూసుకుంటే చూసినవాళ్ళు దేవదూత అనుకుంటారు. ఇంట్లో ఎలాంటివాడో కెజియా వీపుకి తెలుసు, నాకు తెలుసు. సంఘానికీ తెలుసు గానీ, డోలక్ ఎవరు వాయిస్తారు మరి?

మార్చిలో ఒక శుక్రవారం, అందరూ వెళ్ళాక కెజియా ఒక్కటే చాప మీద ఉండిపోయింది. నాలుగేళ్ళ కూతురు షారోను దాని ఒళ్ళో నిద్రపోతోంది.

"అక్కా, నాకో మనవి ఉండాది. అందరి ముందర చెప్పలేనిది."

"చెప్పు."

"నేను పోతా ఉండా."

"యాడికి?"

"మద్రాసు. నాతో చదూకున్న అమ్మాయి ఆడ ఆస్పత్రిలో ఉండాది. ఆయా పని చూసింది. హాస్టల్లో బిడ్డతో ఉండనిస్తారంట. గుడ్ ఫ్రైడే నాడు పోతా. పన్నెండు నించి మూడు దాకా ఆరాధన గదా, ఆ మూడు గంటలూ ఆయన డోలక్ వదిలి కదలడు. నాకు జొరమని చెప్పి ఇంట్లో ఉంటా. ఆయన లేచే లోపల రైల్లో ఉండాల." దాని గొంతు వణకలేదు. ఎన్నాళ్ళ నుంచి లెక్కలు వేసుకుందో అప్పుడు అర్థమైంది. "నీకు తప్ప యెవురికీ తెలీదక్కా. మా అమ్మకి కూడా చెప్పలా."

నేను దాన్ని ఆపలేదు. ఆ మాత్రం నాకు పుణ్యం ఉందనుకుంటాను. "వీధిలో నిలబడి బస్సు కోసం చూడబాక," అన్నాను. "యెవురన్నా చూస్తారు. నేను ఆటో మాట్లాడి పెడతా. బడి పక్క సందులో పన్నెండున్నరకి ఉంటాడు. నేరుగా నెల్లూరు స్టేషన్‌కి పో."

ఇద్దరం చేతులు పట్టుకుని ప్రార్థన చేశాం. అత్త మంచం మీద నుంచి మమ్మల్నే చూస్తోంది. "పెద్దత్తా, నువ్వు యెవురికీ చెప్పబాక" అని కెజియా నవ్వింది. అత్త కంట్లో నీళ్ళు కారాయి. పదేళ్ళలో కెజియా అలా నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

గుడ్ ఫ్రైడే నాడు తెల్లచీర కట్టుకుని పదకొండున్నరకే గుడికి పోయాను. ఎండ మండిపోతోంది. థర్మల్ ప్లాంటు బూడిద గుడి మెట్ల మీద కూడా పల్చగా పేరుకుని ఉంది. ఆడవాళ్ళ వైపు ముందు వరసలో కూర్చుని, అయ్యగారు పల్లవి అందుకునే దాకా తలెత్తలేదు. పాట మొదలైంది. ఏదో వెలితిగా ఉంది. గొంతులన్నీ తలా ఒక దారి పట్టాయి.

డోలక్ గుడ్డ కప్పి గోడ వారన ఉంది.

సమాధానం ఆలస్యంగా వస్తాడేమోననుకున్నాను. రెండో పాటకి ఎవరో కుర్రాడు డోలక్ అందుకున్నాడు. కొంగు చాటున ఫోను తీసి కెజియాకి చేశాను. మోగి మోగి ఆగిపోయింది. ఆటో అతనికి చేశాను. "అక్కా, ఈడ ఆమె మొగుడు నిలబడి ఉండాడు. నన్ను పొమ్మన్నాడు" అన్నాడు. నేను లేచి పరుగెత్తాల్సింది. లేవలేదు. అందరూ మోకాళ్ళ మీద ఉన్నారు, మధ్యలో లేస్తే ఏమనుకుంటారో అనుకున్నాను. మూడు గంటలు అలాగే కూర్చున్నాను. ఈ సంగతి ఇప్పటిదాకా మా ఆయనకి కూడా చెప్పలేదు.

ఆరాధన అయ్యాక వాళ్ళింటికి పోతే తాళం వేసి ఉంది. సమాధానం తన అమ్మగారి ఊరు కోవూరికి పెళ్ళాన్నీ బిడ్డనీ ఇంకో ఆటోలో తీసుకుపోయాడని పక్కవాళ్ళు చెప్పారు. కెజియా ఆటోలో ఎలా కూర్చుని ఉందని అడిగాను. "తల వంచుకుని ఉండాది, మొహం కనపళ్ళా" అన్నారు.

శనివారం మధ్యాహ్నం నా ఫోనుకి ఒక వీడియో వచ్చింది. చాలాసార్లు ఎవరెవరికో పంపగా పంపగా నా దాకా వచ్చింది. తెరిస్తే మా గది, మా చాప, మా అత్త మంచం కోడు. పైనుంచి తీసినట్టుగా నా నడినెత్తి, పాపిట. "బడి పక్క సందులో పన్నెండున్నరకి" అంటోంది నా గొంతు.

బీరువా వైపు చూశాను. చిన్న నీలం దీపం వెలుగుతోంది.

కిషోర్ ఈస్టర్ సాయంత్రం వచ్చాడు. నా ఫోను తీసుకుని ఎక్కడెక్కడో నొక్కి చూశాడు.

"ఏందిరా?"

"ఈ నంబరు, పాస్‌వర్డు కొట్టి మీ కెమెరాని ఎన్ని ఫోన్లలో చూస్తా ఉండారో ఇందులో రాసుంటాది. నీది, బావది, నాది మూడు. ఈడ పదకొండు ఉండాయక్కా."

"మిగతా ఎనిమిదీ యెవురివి?"

"పేర్లుండవు. ఏ రకం ఫోనో, ఏ రోజు నించి చూస్తా ఉండారో, అంతే. మొదటోడు జనవరి పద్దెనిమిదిన తెరిచినాడు."

క్యాలెండరు చూశాను. జనవరి పద్దెనిమిది ఆదివారం. నేను సాక్ష్యం చెప్పిన రోజు. గుడినుంచి ఇంటికి పోయి, అన్నాలు తిని, తెరిచి ఉంటారు. నా నంబరు సంఘం వాట్సాప్ గ్రూపులో అందరికీ ఉంది. వాగ్దానం నేనే చదివి వినిపించాను. ఇంక తాళం ఎక్కడిది?

"పోలీసులకి చెప్తాం," అన్నాడు కిషోర్.

మా ఆయన అప్పటిదాకా గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. "యెవురి మీద చెప్తావు అబ్బయా?" అన్నాడు. "మొత్తం సంఘం మీదా? రేపు నేను అదే బస్సులో వాళ్ళనే ఎక్కించుకుని పోవాల."

"మరి కెజియా సంగతేంది?" అని అరిచాను.

ఆయన లేచి వీధిలోకి పోయాడు. కిషోర్ వైరు పీకి కెమెరాని జేబులో వేసుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

ఆ వారమంతా ఒక్కొక్క వీడియో బయటికొచ్చింది. గర్భసంచి సంగతి మొగుడికి తెలిసింది. గంజాయి కుర్రాణ్ణి పోర్టులో పనినుంచి తీసేశారు. ఆ ఆడవాళ్ళు మొదట్లో నన్ను చూసి ఏడ్చేవాళ్ళు. తర్వాత తిట్టడం మొదలుపెట్టారు. "కావాలనే చాప పరిచింది. రికార్డు చేసుకుని కూర్చుంది" అని కొళాయి దగ్గర నేను వినేలాగే అన్నారు. చూసినవాళ్ళు ఎనిమిది మంది. తిట్టేవాళ్ళలో వాళ్ళూ ఉండే ఉంటారు. ఎవరి మొహం చూసినా ఇదేమో, అదేమో అనిపించేది. ఆదివారం గుడిలో పక్కనున్నవాళ్ళ చేతిలో ఫోను కనబడితే దాని రకం చూడడం అలవాటైంది. ఇంత నీచమైన అలవాటు నాకు ఎప్పుడూ లేదు.

ప్రేమలీలమ్మ గారి దగ్గరికి పోయాను.

"అమ్మగారూ, అయ్యగారితో చెప్పి ఒక్కసారి అడిగించండి. యెవురు చూసినారో బైట పడితే సమాధానాన్ని నిలబెట్టి అడగొచ్చు. కెజియాని తీసుకురావచ్చు."

"సంఘంలో అందరినీ అనుమానిస్తే గుడి నిలబడతాదా పుష్పా?" అన్నారామె మెల్లగా. "ఇది మొగుడూ పెళ్ళాల విషయం. నువ్వు ఆటో మాట్లాడకుండా ఉండాల్సింది. మళ్ళా ఆదివారం నించి డోలక్‌కి వస్తానని ఆ అబ్బయ్య ఫోన్ చేసినాడు. రానీ. గుడికొస్తా ఉంటే మారతాడు."

బల్లమీద ఆమె ఫోను ఉంది. దాన్ని బోర్లా తిప్పి పెట్టారు. ఊరికే తిప్పి ఉండొచ్చు. నాకు మాత్రం ఇంటికొచ్చే దాకా ఆ చెయ్యే కనబడింది.

అత్త దగ్గర ఉండడానికి పక్కింటివాళ్ళు ఇక రామన్నారు. మే నెల మొదట్లో నేను రొయ్యల పని మానేశాను. పొద్దస్తమానం ఆ గదిలో నేనూ, అత్తా. ఇద్దరికీ మాట లేదు. శుక్రవారం సాయంత్రాలు చాప పరవను. మనవులు చెప్పుకోవడమే సంఘంలో ఆగిపోయింది. ఇప్పుడు ఎవరిని అడిగినా "ప్రార్థించండి, దేవుడికి తెలుసు" అంటారు, అంతే. కష్టం ఏమిటో చెప్పరు.

నెలాఖరులో కెజియా వాళ్ళు కోవూరు నుంచి తిరిగొచ్చారని తెలిసింది. సమాధానం డ్యూటీకి పోయిన వేళ చూసుకుని బయల్దేరాను. దారి పొడుగునా రెండు మాటలు కూడబెట్టుకున్నాను. ఒకటి కెజియాకి: ఇంకోసారి పోదాం, ఈసారి నేనే నీతో వస్తాను. ఇంకొకటి సమాధానం ఎప్పుడు ఎదురుపడితే అప్పుడు మొహాన ఉమ్మి చెప్పాల్సింది. అది ఇక్కడ రాయను.

తలుపు తీసే ఉంది. కెజియా నేలమీద గోనె పరుచుకుని చింతపండు పిక్కలు తీస్తోంది. చిక్కిపోయింది. షారోను పక్కన పిక్కలు ఏరి డబ్బాలో వేస్తోంది.

"రా అక్కా," అంది. లేవలేదు.

కూర్చున్నాను. "ఫోను యాడ? ఎన్నిసార్లు చేసినానో."

"ఆయన దగ్గర ఉండాది."

"కెజియా, నా వల్లే మే..."

చింతపండు అంటిన చెయ్యి నా మోకాలి మీద వేసి గట్టిగా నొక్కింది. మాట ఆపేశాను. దాని కళ్ళు నా భుజం మీదుగా వీధి గుమ్మం పైకి పోయి, మళ్ళీ చింతపండు మీదికి వచ్చాయి. తిరిగి చూశాను. మా దానికంటే పెద్దది, కొత్తది. మేము ఎటు కదిలితే అటు తల తిప్పుతోంది.

"మీ తమ్ముడి అంగట్లోనే తెచ్చినాడు," అంది మామూలు గొంతుతో. "పెద్దత్త ఎట్టా ఉండాది?"

"అట్నే ఉండాది." పోదాం అన్న మాట నాలుక చివర ఉంది. పెదవులు కదిపినా కనబడుతుందేమోనని భయం వేసింది. "ప్రార్థనలో ఏమన్నా మనవి పెట్టమంటావా నీ కోసం?" అని అడిగాను. అంతకంటే దగ్గరి మాట నాకు తోచలేదు.

"ఏం లేదక్కా. అంతా బాగుండాది." పిక్క ఒకటి ఒలిచి పక్కన పెట్టింది. "అంతా బాగుండాదని చెప్పు."

అప్పుడు గుమ్మం పైనుంచి మగగొంతు వినపడింది. మా కెమెరా వినడమే గానీ మాట్లాడేది కాదు. ఇది మాట్లాడుతుంది. వెనక లారీ హారన్లు, పోర్టు గాలి హోరు కూడా వినపడుతున్నాయి.

"వదిన వచ్చిందే! కెజియా, వదినకి టీ పెట్టియ్యి."

నేను ఉలిక్కిపడ్డాను. షారోను ఉలిక్కిపడలేదు. తల కూడా సరిగ్గా ఎత్తకుండా, "నాన్నా" అని చెయ్యి ఊపి మళ్ళీ పిక్కలు ఏరుకుంది. కెజియా లేచి స్టవ్ దగ్గరికి పోయింది. నాకు వీపు తిప్పి నిలబడింది, నేను కూడబెట్టుకొచ్చిన మాట అంటానేమోనని దాని భుజాలు బిగుసుకుపోయి ఉన్నాయి. నేను అనేసి ఇంటికి పోగలను. ఆ సాయంత్రం అతను ఇంటికొస్తాడు.

"వందనాలు వదినా," అంది ఆ గొంతు.

గుమ్మం వైపు తిరిగి, చేతులు జోడించి, మొహం నిండా నవ్వు తెచ్చుకున్నాను.

"వందనాలు నాయనా," అన్నాను.